ఫెయిలైన బోర్ల లెక్క కూడా రాయించండి

సంపాదకులు గారికి నమస్కారం.

షేల్ గ్యాస్ (షేల్ అనే రాతి పొరల్లో ఇరుక్కుని ఉండే గ్యాస్, నీళ్ల ఒత్తిడితో ఆ రాయిని పగలగొట్టి తీస్తారు) అనగానే అందరూ అమెరికా గురించే చెప్తారు గానీ, నీళ్ల కోసం బోర్లు వేసే మా అనంతపురం రైతులకు పనికొచ్చేది పోలెండ్ సంగతి. అక్కడ 187 లక్షల కోట్ల ఘనపుటడుగుల గ్యాస్ తీయొచ్చని 2011లో అమెరికా ఇంధన సమాచార సంస్థ అంచనా కట్టింది, పెద్ద పెద్ద కంపెనీలు పరుగెత్తుకుంటూ వచ్చాయి. మరుసటి ఏడాది పోలెండ్ భూగర్భ సంస్థ వాళ్లు 1950 నుంచి 1990 దాకా తవ్విన 39 పాత బావుల రికార్డులు ముందేసుకుని లెక్క చూస్తే ఆ అంచనా దాదాపు పదో వంతుకు పడిపోయింది. రాయిలో బంకమట్టి ఎక్కువ, నీళ్లు ఎంత ఒత్తిడితో కొట్టినా అమెరికా రాయిలాగా పగల్లేదు. అమెరికా చమురు కంపెనీల్లో ఎక్సాన్‌మొబిల్ 2012లోనే వెళ్లిపోయింది, షెవ్రాన్ 2015లో.

నన్ను పట్టుకున్నది ఆ 39 బావుల మాట. ఎప్పుడో తవ్వి వదిలేసిన బావుల కాగితాలు ఎవరో పారేయకుండా భద్రంగా ఉంచారు, అవే నిజం చెప్పాయి.

మా ఇంట్లో నాలుగు బోర్లు వేశాం. మూడోది వేసిన రాత్రి ఇంకా కళ్ల ముందే ఉంది, 400 అడుగులు దాటినా తెల్లటి దుమ్మే లేస్తోంది, మా నాయన పిడికెడు దుమ్ము తీసి తడి ఉందేమోనని వేళ్లతో నలిపి నలిపి చూస్తున్నాడు, బండివాళ్లు ఇంకో వంద అడుగులు దించమంటారా అని అడుగుతున్నారు, అడుగుకి ఇంత అని అప్పు పెరుగుతోంది. తర్వాత తెలిసింది, గట్టు అవతలి చేనులో అంతకు ముందెప్పుడో అదే రాయి తగిలి అదే దుమ్ము వచ్చిందట. ఆ రైతు చేను అమ్మేసి బెంగళూరు పోయాడు, చెప్పేవాళ్లే లేరు.

షేల్ గ్యాస్ కోసం ప్రభుత్వ చమురు సంస్థ ఓఎన్‌జీసీ కూడా మన కృష్ణా గోదావరి బేసిన్‌తో సహా పలుచోట్ల తవ్వింది, వ్యాపారస్థాయిలో గ్యాస్ రాలేదు. చమురు, గ్యాస్ బావుల సమాచారం భద్రపరచడానికి మాత్రం కేంద్రం 2017లో జాతీయ డేటా రిపాజిటరీ పెట్టింది. నీళ్ల బోరుకి అంత శ్రద్ధ ఎందుకు లేదు? బోరుకి అనుమతి తీసుకోవాలని వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం 2002లోనే వచ్చింది కదా, దానికి తోడు ప్రతి బోరుకీ సర్వే నంబరు, ఎన్ని అడుగులు దించారు, కేసింగ్ (బోరు కూలకుండా దించే పైపు) ఎంత, ఏ లోతులో ఏ రాయి తగిలింది, నీళ్లు పడ్డాయా లేదా అని బండివాళ్ల చేత రాయించి గ్రామ సచివాలయంలో అందరికీ కనపడేలా పెట్టాలి. నీళ్లు పడని బోరుని తప్పకుండా రాయాలి, పరువు పోతుందని దాచేవాళ్లు చాలామంది ఉన్నారు.

మా నాలుగు బోర్ల వివరాలూ నా నోటుబుక్కులో ఉన్నాయి. మా సచివాలయం వాళ్లు రిజిస్టరు తెరిస్తే మొదట రాయించేది నేనే.

– ఒక రైతు, కళ్యాణదుర్గం మండలం, అనంతపురం జిల్లా