తగ్గాల్సింది రోజులు కాదు, గంటలు

సంపాదకులకు,

వారానికి నాలుగే రోజుల పని అన్న మాట ఈమధ్య తరచూ వినిపిస్తోంది. మంచిదే. కానీ ఆ పేరుతో చాలాచోట్ల 40 గంటల పనిని నాలుగు రోజుల్లో కుక్కేస్తున్నారు. అంటే రోజుకు పది గంటలు. 2022లో బెల్జియం ఉద్యోగులకిచ్చిన వెసులుబాటూ ఇలాంటిదే. ఒకరోజు రాకపోకలు కలిసొస్తాయి, అంతే. చివరి రెండు గంటల్లో అలసటతో చేసిన తప్పుల్ని మర్నాడు పొద్దున్నే దిద్దుకోవాలి. జీతం కోయకుండా గంటలే 32కో, కనీసం 35కో దిగాలి.

అలా దించి చూసినవాళ్లున్నారు. ఐస్‌లాండ్‌లో 2015–2019 మధ్య సుమారు 2,500 మందికి 40 గంటల్ని 35, 36కి తగ్గించారు. పని కుంటుపడలేదు. బ్రిటన్‌లో 2022లో ఆరు నెలల ప్రయోగానికి 61 సంస్థలు ముందుకొస్తే, గడువు తీరాక 56 దాన్నే కొనసాగించాయి. అనారోగ్య సెలవులు దాదాపు మూడింట రెండు వంతులు తగ్గాయి. అన్నీ ఇష్టపడి చేరిన సంస్థలే కాబట్టి ఈ అంకెల్ని కాస్త తగ్గించుకుని చదవడం న్యాయం.

ఆఫీసుల్లో తగ్గించగల గంటలు ఎక్కువగా మీటింగుల్లోనే దొరుకుతాయి. ఎనిమిది మంది గంటసేపు కూర్చుంటే ఒక మనిషి రోజు పని పోయినట్టే. ముందు వాటిని కోసి, తర్వాత గంటలు తగ్గించాలి. తలకిందులుగా చేస్తే పని ఇంటికి వెళ్తుంది.

షిఫ్టుల్లో ఈ కిటుకు పారదు. ఆస్పత్రి వార్డులో ఒక నర్సు స్థానం రాత్రింబవళ్లు ఖాళీ లేకుండా నడవాలంటే వారానికి 168 గంటలు. మనిషికి 40 గంటలైతే 4.2 మంది, 32 అయితే 5.25 మంది కావాలి. సెలవులు, జబ్బులు దీనికి అదనం. స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో ఒక వృద్ధుల సంరక్షణ కేంద్రంలో 2015 నుంచి రెండేళ్లు ఆరు గంటల పనిదినం పెట్టినప్పుడు సిబ్బంది ఆరోగ్యం బాగుపడింది, కొత్తవాళ్లను తీసుకోవాల్సొచ్చి ఖర్చూ పెరిగింది. పైసా ఖర్చు లేదనేవాళ్లు షిఫ్టు చార్టు ఎన్నడూ వేసి ఉండరు.

అసలు తగాదాలు చిన్న నిబంధనల దగ్గరే మొదలవుతాయి. అందరికీ శుక్రవారమే సెలవిస్తే ఆరోజు ఫోనెత్తేవాడుండడు. జట్టును రెండుగా చేసి సోమ, శుక్రవారాలు పంచాలి. ఏడాదికి 20 రోజుల సెలవంటే ఐదు రోజుల పనివారంలో నాలుగు వారాలు. నాలుగు రోజుల పనివారంలో ఆ నాలుగు వారాలకు 16 రోజులే చాలు. ఈ లెక్క ముందే చెప్పకపోతే సెలవులు కోశారన్న గొడవ ఖాయం. ఇప్పటికే 80 శాతం జీతానికి 32 గంటలు చేస్తున్నవాళ్లను యాజమాన్యాలు తరచూ మరిచిపోతాయి. పక్కవాళ్లకు అవే గంటలకు పూర్తి జీతం వస్తున్నప్పుడు వీళ్లకూ పెంచాల్సిందే.

ఇక ఓవర్‌టైమ్. ఒప్పందంలో 32 అని రాసి, ఓవర్‌టైమ్ హద్దును మాత్రం 40 దగ్గరే ఉంచితే ఆ మధ్యనున్న ఎనిమిది గంటలు మామూలు రేటుకే చేయించుకోవచ్చు. పనివారం ఎంతకు తగ్గిందో, ఓవర్‌టైమ్ హద్దు కూడా అంతకే దిగాలని చట్టంలోనే రాయాలి.

– ఒక పాఠకుడు