పంపరపనసను పారేయకండి

సంపాదకులకు నమస్కారం.

వినాయక చవితి మర్నాడు మా వీధి చెత్తకుండీలో ఏటా పంపరపనసలు కనిపిస్తాయి. పాలవెల్లికి కట్టిన మొక్కజొన్న పొత్తులు కాల్చుకు తింటారు, దీన్ని మాత్రం ‘చేదు’ అని విసిరేస్తారు. ఆ చేదు ఎక్కువగా ఉండేది తెల్లటి బెండులో, తొనల పొరలో. ఓపికగా పొర ఒలిస్తే సరి.

మా పెరటి కాయలను కోసిన రోజే నేను ముట్టను. గాలి తగిలేచోట గోనెసంచి మీద వారం, పది రోజులు ఉంచుతాను. తొక్క కాస్త వడలి, గది అంతా వాసన వచ్చాక కోస్తే పులుపు వెనక్కి తగ్గి తీపి తేలుతుంది. అంత మందపాటి తొక్క ఉండగా కాయకు ఫ్రిజ్ ఎందుకు? ఒలిచిన తొనలను మాత్రం మూతగిన్నెలో ఫ్రిజ్‌లో పెట్టి, రెండు రోజుల్లో తినేయాలి. నాకు ఉప్పూ కారం. మా ఆవిడ పంచదార చల్లుతుంది, నాకది అపచారంలా తోస్తుంది.

పెద్ద దుకాణాల్లో మెరిసే గ్రేప్‌ఫ్రూట్ దీని బిడ్డే. పంపరపనసకూ నారింజకూ సంకరంగా బార్బడోస్‌లో పుట్టింది. కొలెస్ట్రాల్, రక్తపోటు మందులు వాడేవారు పంపరపనస, గ్రేప్‌ఫ్రూట్‌లలో ఏది తినాలన్నా ముందు వైద్యుణ్ని అడగాలి. కొన్ని మందుల ప్రభావం హద్దు మీరుతుంది. ఈ ముక్క మీ ఆరోగ్య పేజీలో చవితికి ముందే వేయగలరా?

— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, అమలాపురం