ప్రవక్తల కోపం ఎవరి మీద?

ఎడిటర్ గారికి,

మా చిత్తూరులో కొందరు బోధకులు బైబిల్ ప్రవక్తలైన హోషేయ, యిర్మీయా మాటలు మైకులో చదువుతూ, విగ్రహాలకు మొక్కేవాళ్ల మీదికి దేవుడి తీర్పు వస్తుందని పక్కవీధి వాళ్లను భయపెడుతుంటే, ఒక క్రైస్తవుడిగా నాకు చాలా బాధగా ఉంది. ఆ ప్రవక్తలు ముందుగా నిలదీసింది సొంత జనాన్నే కదా! ఇశ్రాయేలు రాజధాని సమరయ వాళ్లు మొక్కే దూడ విగ్రహం ముక్కలైపోతుందన్నాడు హోషేయ. క్రీ.పూ. 722 ప్రాంతంలో ఆ పట్టణం అష్షూరు సామ్రాజ్యం చేతికి చిక్కింది. యిర్మీయా అయితే యెరూషలేము ఆలయ ద్వారంలోనే నిలబడి, బయలు అనే దేవతకు ధూపం వేయడాన్నీ, పరదేశులనూ తండ్రిలేని పిల్లలనూ విధవరాళ్లనూ పీడించడాన్నీ ఒకే ప్రసంగంలో ఖండించాడు, ఆలయం ఉంది కాబట్టి మనకేం కాదనుకోవద్దని గట్టిగా చెప్పాడు (ఏడో అధ్యాయం, దయచేసి మొత్తం చదవండి). చివరికి బబులోను సైన్యం ఆ ఆలయాన్నే తగలబెట్టింది. మరి పేదల సంగతి మన ప్రసంగాల్లో ఎందుకు రాదు? తిరుమల కొండెక్కే భక్తుల గురించి మాట్లాడే ముందు, మన సంఘాల్లోనే కూలి డబ్బులు ఎగ్గొట్టేవాళ్లకు ఆ వాక్యాలు చదివి వినిపించమని పాస్టర్లను కోరుతున్నాను.

— ఒక పాఠకుడు, చిత్తూరు