మన సంఘం వార్షిక నివేదిక: జీడి మిల్లుల్లో ఈ ఏడాది

సభ్యులందరికీ నమస్కారం. పలాస-కాశీబుగ్గ జీడి మిల్లుల్లో ఈ ఏడాది మనం చేసిన పనుల్లో హెల్త్ క్యాంపు, ఈఎస్ఐ కార్డుల్లో పేర్లు సరిచేయించడం అందరికీ తెలిసినవే, ఎక్కువ టైం మాత్రం ముక్క కోత (పప్పు ముక్కలైతే కూలి తగ్గించడం) గొడవకే పోయింది.

కొత్తవాళ్ల కోసం చెప్తున్నా. గుండుకి (విరగని పప్పు) రేటెక్కువ, బద్దకి (రెండుగా చీలింది) తక్కువ, ముక్కకి ఇంకా తక్కువ. అందుకే పొట్టు తీసేవాళ్ల దగ్గర ముక్క ఎక్కువొస్తే కొన్ని మిల్లుల్లో కూలి కోస్తారు. కానీ పిక్క (పెంకుతో ఉన్న జీడిగింజ) ఆవిరికి సరిగా ఉడక్కపోయినా, కటింగ్‌లో బ్లేడు లోపలికి దిగిపోయినా, డ్రయర్‌లో ఎక్కువ ఎండినా పప్పు విరిగిపోద్ది, అందులో ఒలిచేవాళ్ల తప్పేముంది? ఆఫ్రికా పిక్కలైతే లోడుకో రకంగా వస్తన్నాయి, పాతవి కలిస్తే ఇంకా కష్టం.

కోత ఉన్నచోట ఏం జరుగుతుందో మనకి తెలుసు, ముక్కలు పొట్టులో కలిపేస్తారు, పక్కామె బుట్టలోకి తోసేస్తారు, కొత్తగా చేరిన పిల్లకి ఎవరూ పని నేర్పరు. దాంతో ఓనరు ఆడవాళ్లంతా దొంగలని చెకింగ్ పెంచుతాడు. "మనమంతా ఒకే కుటుంబం" అని గోడ మీద రాయించిన మిల్లులోనే సాయంత్రం కొంగు దులిపి చూపించమన్నారు! ఇంకో మిల్లులో అయితే మొదటి ట్రే ఒలవగానే "బాబూ, ఈ లోడు ఎక్కువ ఎండింది" అని మేస్త్రీకి చెప్పేయొచ్చు, ఆయనెళ్లి డ్రయర్ చూస్తాడు, ఎవరి కూలీ కొయ్యడు. అక్కడ దాచేవాళ్లు లేరు. రెండు చోట్లా పనిచేసేది అవే ఊళ్ల ఆడవాళ్లు, కొందరైతే సొంత అక్కచెల్లెళ్లు, మరి బుద్ధి తేడా ఎక్కడినుంచొచ్చింది?

అందుకే తూకానికి ముందు ఏ లోడు ఎంతసేపు ఎండిందో రాయమని మిల్లులకి తిరిగి అడిగాం. కొందరు ఒప్పుకున్నారు, కొందరు కుర్చీ కూడా వెయ్యలేదు. 2013 చట్టం ప్రకారం 10 మంది, అంతకు మించి పనిచేసేచోట లైంగిక వేధింపుల ఫిర్యాదుల కమిటీ ఉండాలి, అది కూడా అడిగాం, ఒకచోట కమిటీలో పేరున్న ఆమెకే ఆ సంగతి తెలీదు.

వచ్చే ఏడాది మేస్త్రీలని, డ్రయర్ వాళ్లని కూడా మీటింగుకి పిలుద్దామని మన సంఘం కమిటీ అనుకుంది, వాళ్లకీ పైనుంచి తిట్లే కదా. కొందరు సభ్యులకి ఇది ఇష్టం లేదు, జనరల్ బాడీలో తేల్చండి. జమాఖర్చుల పుస్తకం ఆఫీసులో ఉంది, ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు.