మన కాలనీ మహిళా సంఘం వార్షిక నివేదిక (2024 సెప్టెంబరు – 2025 ఆగస్టు)

సభ్యులందరికీ నమస్కారం.

ఏటా మన నివేదిక ఏప్రిల్ నుంచి మార్చి దాకా ఉండేది. ఈసారి సెప్టెంబరుతో మొదలుపెట్టాం. మినిట్స్ పుస్తకాలు, రసీదు బుక్కులు పెట్టిన బీరువా కింది అర 2024 సెప్టెంబరులో వచ్చిన బుడమేరు వాగు వరద నీళ్లలో నానిపోయింది. కాగితాలు డాబా మీద ఆరబెట్టి చూశాం. సిరా అంతా కలిసిపోయి ఒక్క పేజీ కూడా చదవడానికి రాలేదు. అందుకని 2024 సెప్టెంబరు 1, ఆ ఆదివారం నుంచే లెక్క వేసుకుంటున్నాం.

ఈ ఏడాది కొత్తగా అద్దెకు వచ్చిన కుటుంబాల కోసం నాలుగు మాటలు. మైలవరం కొండల్లో కురిసిన వాన బుడమేరులోకి వచ్చి వెలగలేరు దగ్గర డైవర్షన్ చానల్ గుండా కృష్ణలో కలవాలి. ఆ రోజుల్లో చానల్ గట్టుకు గండ్లు పడ్డాయి. ఇటు కృష్ణ కూడా నిండుగా ఉంది, ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. ఎటూ పోలేని నీళ్లన్నీ విజయవాడలో మన సింగ్‌నగర్ వైపు పల్లపు వీధుల్లోకి వచ్చేశాయి. తెల్లారి లేచేసరికి గడపలో నీళ్లు, మధ్యాహ్నానికి కిటికీల దాకా. పడవల్లో, ట్రాక్టర్లలో, డ్రోన్లతో కూడా అన్నం పొట్లాలు పంపారు. మన లోపలి వీధులకు అవి చేరేలోపు పై అంతస్తుల ఇళ్లే కింది ఇళ్లకు అన్నం పెట్టాయి. ఈ నివేదికలో రాసిన పనులన్నీ ఆ రోజుల్లో మనం నేర్చుకున్న వాటి నుంచి పుట్టినవే.

ఏం పోయింది, ఏం మిగిలింది

నీళ్లు తగ్గాక సంఘం చేసిన మొదటి పని బియ్యం దాచడం. ప్రభుత్వం ఇంటికి 25 కిలోల బియ్యం, పప్పు, నూనె, ఉల్లిపాయలు ఇచ్చింది. తీసుకొచ్చి ఎక్కడ పెట్టాలి? గోడలు తడి, నేల తడి, డబ్బాలు బురద. రెండు రోజుల్లో ముక్కిపోతాయని అందరికీ టెన్షన్. పై అంతస్తుల్లో ఉన్న సభ్యులు తమ ముందు గదులు ఖాళీ చేసి, మూటల మీద పేర్లు రాసి, రోజూ ఎవరికి కావలసినంత వాళ్లకు కొలిచి ఇచ్చారు. నెలకు పైగా ఇలా నడిచింది. ఒక్క గ్లాసు బియ్యం దగ్గర కూడా మాట రాలేదు. ఆ ఇల్లాళ్లకు సంఘం తరఫున మనస్ఫూర్తిగా ధన్యవాదాలు.

అక్టోబరులో ఇల్లిల్లూ తిరిగి ఏం పోయింది, ఏం మిగిలింది అని అడిగి రాసుకున్నాం. నష్టపరిహారం కోసం కాదు. అది కింది ఇళ్లకు 25 వేలు, పై ఇళ్లకు 10 వేలు చొప్పున ప్రభుత్వం ప్రకటించింది, ఆ దరఖాస్తుల పని వేరేగా జరిగింది. మేం అడిగింది వంటింటి సంగతి.

చాలా ఇళ్లలో పోయినవి ఒకే రకం. ఆఫర్లో చవకగా వచ్చిందని ఒకేసారి కొని, మెట్ల కింద నేల మీద పెట్టిన బియ్యం బస్తా. ఏడాదికి సరిపడా కొన్న కందిపప్పు. గోనెసంచిలో మిరపకాయలు. అంటే జాగ్రత్తగా సంసారం చేసుకునే వాళ్లవే ఎక్కువ పోయాయి. ఇది మమ్మల్ని చాలా బాధపెట్టింది. మిగిలినవి కూడా ఒకే రకం. అటక మీద ఉన్నవి, బల్ల మీద ఉన్నవి. 2005లో బుడమేరు వరద చూసిన పాత ఇళ్లలో బియ్యం డబ్బా ఎప్పుడూ ఎత్తు మీదే ఉంటుంది. ఆ ఇళ్ల కోడళ్లకు కారణం తెలియదు, అత్తగారు పెట్టిన చోటు కదా అని వదిలేశారు. బియ్యం దక్కాయి.

ఆవకాయ జాడీల సంగతి చెప్పకుండా ముందుకు వెళ్లలేను. ఒక మామ్మగారింట్లో రెండు జాడీలు నీళ్లలో మునిగి, తేలి, పక్కకి ఒరిగాయి. వాసెన గట్టిగానే ఉంది. లోపల నూనె కూడా పైన తేలి ఉంది. "ఉప్పు, నూనె ఉన్న సరుకు, ఏమీ కాదే" అని ఆవిడ, పారెయ్యాల్సిందే అని మేము. వచ్చింది వాన నీళ్లు ఒక్కటే అయితే ఏమో గానీ, డ్రైనేజీ కలిసిన నీళ్లు. గుడ్డ వాసెన నుంచి లోపలికి ఎంత దిగిందో కంటితో చూసి చెప్పలేం. వరద నీళ్లు తగిలిన తినే వస్తువు ఏదైనా పారెయ్యాలని వైద్య శిబిరంలో కూడా చెప్పారు. చివరికి ఆవిడే తన చేత్తో గుంట తీసి పూడ్చారు. ఆ సాయంత్రం ఆవిడ వాకిట్లో కూర్చుని కొంగు కళ్లకు అడ్డం పెట్టుకోవడం చూసిన వాళ్లలో నేనూ ఉన్నాను. నీళ్లలో పోయిన ఫ్రిజ్జుకు కూడా ఆవిడ అంత ఏడవలేదు. ఇద్దరు కూతుళ్లకు, మనవరాలికి పంపాల్సిన పచ్చడి అది.

ఏడాది సరుకు కొనాలా, మానాలా

డిసెంబరు సమావేశంలో దీని మీదే పెద్ద చర్చ నడిచింది. ఇక ఏ నెలకు ఆ నెలే కొనుక్కుందాం, పోతే నెల సరుకే పోతుందని కొందరు. సీజన్లో కొనకపోతే ఏడాది ఖర్చు ఎక్కడికి పోతుందో తెలుసా అని పెద్దవాళ్లు. రెండు మాటల్లోనూ నిజం ఉంది. చివరికి తేల్చుకున్నది ఏమిటంటే, సీజన్లో కొనడం మానక్కర్లేదు, నేల మీద పెట్టడం మానాలి. ఇంట్లో అటక లేని వాళ్లు రెండు నెలల సరుకే ఇంట్లో ఉంచుకుని, మిగతాది పై ఇంట్లో తెలిసిన వాళ్ల దగ్గర పెట్టుకోవాలి.

ఆ ప్రకారం సంక్రాంతి తర్వాత కొత్త కందులు రాగానే కలిసి కొని పప్పు ఆడించుకున్నాం. ఫిబ్రవరి, మార్చిలో చింతపండు, గుంటూరు మిరపకాయలు. కలిసి కొంటే కిలోకి కలిసొచ్చింది నిజమే, కానీ అంతకంటే పెద్ద లాభం తర్వాత కనిపించింది. అందరం ఒకే డాబా మీద ఎండబెట్టడం వల్ల చిన్నవాళ్లు పక్కనే కూర్చుని పని నేర్చుకున్నారు. చింతపండు పిక్క, ఈనె తీసి కాస్త ఉప్పు వేసి ముద్దలు కట్టి జాడీలోకి అదమడం, పప్పు బాగా ఎండాక చల్లారనిచ్చి డబ్బాకెత్తడం, బియ్యంలో ఎండిన వేపాకు వేయడం. వేపాకు పచ్చిగా వేస్తే చెమ్మ చేరుతుందని మా వాళ్లలో సగం మందికి అప్పుడే తెలిసింది.

ఏప్రిల్ ఎండల్లో వడియాలు పెట్టాం. బూడిద గుమ్మడికాయ ముక్కలకు ఉప్పు పట్టించి, గుడ్డలో మూటకట్టి రాత్రంతా బరువు కింద పెట్టి, తెల్లారి మినప్పిండిలో కలిపి పెట్టే వడియాలు. చల్ల మిరపకాయలు కూడా. వీటికి ఇంత చోటు ఇవ్వడానికి కారణం ఉంది. వరద వారంలో మూడో అంతస్తు ఇల్లాలు ఒకావిడ పదకొండు మందికి మూడు రోజులు భోజనం పెట్టింది. సిలిండరు ఎప్పుడైపోతుందో తెలియదు, కూరగాయలు లేవు. అన్నం ఒక్కటే పొయ్యి మీద వండేది. నానబెట్టిన చింతపండులో ఉల్లిపాయ, పచ్చిమిర్చి నలిపి పచ్చిపులుసు. దానికి పొయ్యే అక్కర్లేదు. వడియాలు, చల్ల మిరపకాయలు నాలుగు వేయించేది. పిల్లలు వద్దనకుండా తిన్నారు. పాత వంటలు కరువుకాలం వంటలని చిన్నచూపు చూసేవాళ్లం, అవి ఎంత ఆలోచించి కనిపెట్టినవో అప్పుడు అర్థమైంది.

మే నెలలో ఆవకాయ. మామ్మగారే కూర్చుని చేయించారు. ఆవపిండి, కారం, ఉప్పు సమపాళ్లు, నువ్వుల నూనె, టెంక ఉన్న ముక్క, ఒక్క తడి చుక్క కూడా తగలకూడదు. పదిహేనేళ్ల పిల్లలు కూడా వచ్చి ముక్కలు తుడిచారు. ఈసారి ప్రతి ఇంటి జాడీ అటక మీదికి ఎక్కాక గానీ ఆవిడ ఇంటికి వెళ్లలేదు.

సిలిండరు, మందులు, కాగితాలు

జూన్‌లో వానలు పడేలోపు ఒక ఆదివారం పూట శిక్షణ పెట్టుకున్నాం. గ్యాస్ సిలిండరు నిండుగా ఉన్నా నీళ్లలో తేలుతుందని చాలామంది నమ్మలేదు. వరదలో వీధి వెంట కొట్టుకుపోతున్న సిలిండర్లను చూసిన వాళ్లు చెప్పాక నమ్మారు. నీళ్లు వస్తున్నాయని తెలియగానే రెగ్యులేటర్ ఆపి తీసేసి, సిలిండరును కిటికీ ఊచకు తాడుతో కట్టాలి. మెయిన్ స్విచ్ ఆపాలి. నీళ్లలో మునిగిన ఫ్రిజ్, మోటారు, బండి ఏదైనా ఆరింది కదా అని మనమే ఆన్ చేయకూడదు, మెకానిక్ చూసేదాకా ఆగాలి. పోయినేడు తొందరపడి బండి స్టార్ట్ చేసిన వాళ్లకు ఇంజను ఖర్చు రెట్టింపైంది.

తాగే నీళ్లు తాగడానికి, వంటకు కలిపి మనిషికి రోజుకు 4 లీటర్ల లెక్కన మూడు రోజులకు పట్టి పెట్టుకోవాలి. తుఫాను కబురు వినగానే బిందెలు, కుక్కర్లు, టిఫిన్ గిన్నెలు ఏవి ఉంటే అవి నింపేయండి. విరేచనాలు పట్టుకుంటే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. టీ చెంచా, తలగొట్టి కొలవాలి. ఉప్పు ఎక్కువైతే పసిపిల్లలకు ప్రమాదం, ఇది ప్రతి ఇంట్లో గోడ మీద రాసి పెట్టమని కోరుతున్నాం.

ఇన్సులిన్ వాడే సభ్యులు కరెంటు లేని రోజుల్లో పడ్డ బాధ మాటల్లో చెప్పలేనిది. పెద్ద మట్టి కుండలో ఇసుక పోసి తడిపి, మధ్యలో చిన్న కుండ పెట్టి, అందులో మందు డబ్బా ఉంచి తడిగుడ్డ కప్పే పద్ధతి చేసి చూపించాం. కుండలు మన దగ్గర సిద్ధంగా ఉన్నాయి, కావలసిన వాళ్లు తీసుకోవచ్చు. బీపీ, షుగరు మాత్రలు ఎప్పుడూ వారం రోజులవి అదనంగా ఉంచుకోండి.

ఆధార్, రేషన్ కార్డు, పాస్‌బుక్కు, ఇంటి కాగితాలు, పిల్లల సర్టిఫికెట్లు మందపాటి ప్లాస్టిక్ కవరులో పెట్టి, మూతి గట్టిగా మూసి ఎత్తులో తగిలించాలి. డిజిలాకర్‌లో ఎక్కించడం ఇంటర్ పిల్లలు ఇంటింటికీ వచ్చి నేర్పారు. ఫోను చార్జింగ్ పోతే నంబర్లూ పోతాయి కాబట్టి 112, 108, జిల్లా కంట్రోల్ రూమ్ 1077, మీ దగ్గరి బంధువుల నంబర్లు కాగితం మీద రాసి ఆ కవరులోనే పెట్టండి.

సరిగా జరగనివి

సంఘం తరఫున అటుకులు, బెల్లం, వేయించిన శనగపప్పు కొని నిల్వ పెట్టాం. జులైకల్లా అటుకులకు పురుగు పట్టింది. నెలనెలా పాతవి వాడి కొత్తవి పెట్టే బాధ్యత ఫలానా వాళ్లదని మేం అనుకోకపోవడమే తప్పు. డబ్బు వృథా అయింది, అందుకు కార్యవర్గం క్షమాపణ చెబుతోంది. ఇప్పుడు నెలకో రెండిళ్లు చొప్పున వంతు వేశాం.

డాబా మీద కూరగాయల మొక్కలు మే ఎండలకు నిలబడలేదు. తోటకూర ఒక్కటే వచ్చింది. పాత చీరలతో బొంతలు కుట్టే పని మాత్రం అనుకున్నదానికంటే బాగా సాగింది. ఒక్కో బొంతకు నాలుగు చీరలు పట్టాయి, పడకలన్నీ తడిసిపోయిన ఇళ్లకే మొదట ఇచ్చాం.

ఖర్చుల పుస్తకం రాయమని అందరికీ నోట్‌బుక్కులు ఇచ్చాం. సగం మంది రెండు నెలలు రాసి ఆపేశారు. రాసిన వాళ్లలో ముగ్గురు తమ చీటీ పాటలకు, బంగారం మీద తెచ్చిన అప్పు వడ్డీకి నెలకు ఎంత పోతుందో మొదటిసారి లెక్క చూసుకున్నామని చెప్పారు. వరద తర్వాత అప్పు చేయని ఇల్లు మనలో తక్కువ. ఇది చెప్పుకోవడానికి సిగ్గుపడకండి, సంఘంలో మాట బయటికి పోదు.

వచ్చే ఏడాదికి

ఆదాయ, వ్యయాల పత్రం విడిగా ఇస్తున్నాం, ఆడిట్ చేసిన సభ్యురాలి సంతకం ఉంది. అటక లేని కింది ఇళ్లకు గోడకు ఇనప చట్రం బిగించి చెక్క వేయించాలని కార్యవర్గం అనుకుంటోంది. అద్దె ఇళ్లయితే యజమాని ఒప్పుకోవాలి, ఆ మాట మాట్లాడటానికి ఇద్దరం వస్తాం. ఒంటరిగా ఉండే పెద్దవాళ్లకు ఏ ఇంటి వాళ్లు తోడో పేర్లు రాయాలి, ఈ జాబితా ఇంకా పూర్తి కాలేదు. మీ మీ వీధిలో ఎవరికి మెట్లు ఎక్కడం కష్టమో ఈ సమావేశంలోనే చెప్పండి. సిలిండరు తాళ్లు సమావేశం చివర ఇస్తాం, ఇంటికి ఒకటి చొప్పున తీసుకుని రిజిస్టరులో సంతకం చేయండి.

కార్యవర్గం తరఫున,
కార్యదర్శి