పాత బావి జోలికి పోయే ముందు ఇది చదువు

ఏరా,

నీ ఉత్తరం అందింది. ఇంటి ప్లాను, గదుల లెక్క, మెట్లు ఎటు పెట్టాలన్న మీ ఇంట్లో గొడవ, అన్నీ చదివి భలే సంతోషమేసింది. కానీ చివర్లో రాసిన ఒక్క మాట దగ్గర ఆగిపోయాను. పెరట్లో పాత బావి ఉంది, కొత్తగా బోరు వేయిస్తున్నాం కాబట్టి దాంతో ఇక పనిలేదు, సెప్టిక్ ట్యాంక్ ఖర్చు కలిసొస్తుంది, మురుగు పైపు అందులోకే వదిలేద్దామని మేస్త్రీ అంటున్నాడు అని రాశావు. ఒరేయ్, ఆ పని మాత్రం చెయ్యకు. ఫోన్లో చెబితే "సరేలే, చూద్దాం" అని పెట్టేస్తావని తీరిగ్గా కూర్చుని రాస్తున్నా.

నేల మీద పడ్డ మురికి భూగర్భ జలందాకా పోవాలంటే మట్టిలోంచి మెల్లగా ఇంకుతూ దిగాలి. ఆ దారిలో మట్టి రేణువులు చాలావరకు వడగడతాయి. పైపొరలో ఉండే సూక్ష్మజీవులు మురికిని తినేస్తాయి. రోగాలు తెచ్చే క్రిములు కూడా దారిలోనే చాలా మటుకు చచ్చిపోతాయి. బావి అంటే ఏమిటి? ఆ మట్టినంతా దాటించి తిన్నగా నీళ్ళ దగ్గరికి మనం తవ్వుకున్న దారి. అందులో మురుగు వదిలితే వడపోతే లేదు. ఊటలోనే పోసినట్టు.

"బోరు లోతు, బావి పైపైనే కదా" అని మేస్త్రీ అంటాడు. పై నీటికీ కింది నీటికీ మధ్య మనం గీసుకున్న గీత నేలలో ఉండదు. రాతి పగుళ్ళు ఉంటాయి, కేసింగ్ (బోరు గోతిలోకి దింపే పైపు) పక్కన సందులు ఉంటాయి. పైగా మోటారు నడిచినంతసేపూ బోరు చుట్టూ నీటిమట్టం దిగిపోతుంది, చుట్టుపక్కల నీళ్ళన్నీ అటే జరుగుతాయి. అంటే నీ బావిలో పోసిన మురుగును నీ మోటారే నీ బోరు వైపు లాక్కుంటుంది. నీ ఒక్కడితోనూ పోదు, పక్కవాళ్ళ బోర్లకీ అదే నీరు.

నేనెందుకింత పట్టుబడుతున్నానో నీకు ఎప్పుడూ పూర్తిగా చెప్పలేదు. రెండేళ్ళ కిందట వానాకాలంలో మా చిన్నదానికి వరసగా మూడుసార్లు విరేచనాలు పట్టుకున్నాయి గుర్తుందా? బయట తిండి అనుకున్నాం, పాలు అనుకున్నాం. నీళ్ళ మీదకి అనుమానమే పోలేదు, ఎందుకంటే గ్లాసులో పోస్తే అద్దంలా ఉండేవి. చివరికి డాక్టరే నీళ్ళు టెస్ట్ చేయించమన్నారు. రిపోర్టులో ఈ.కోలి ఉందని వచ్చింది. అంటే నీళ్ళలో మలం కలిసిందని అర్థం. ఆ కాగితం పట్టుకుని ఎంతసేపు అలా కూర్చున్నానో నాకే తెలీదు.

ఎక్కణ్ణుంచి కలుస్తోందో తెలియక తర్వాతి పెద్ద వానలో గొడుగేసుకుని బోరు దగ్గర నిలబడ్డాను. కేసింగ్ పైపు చుట్టూ నీళ్ళు మడుగు కట్టాయి. చూస్తూండగానే పైపు పక్కన, వేలు పట్టేంత చోట నీరు చిన్నగా సుడి తిరుగుతోంది. మధ్యమధ్య బుడగలు. పెరట్లో పారిన నీరంతా ఆ సందులోంచి పైపు వెంబడే కిందికి దిగిపోతోంది! బోరు వేసినవాళ్ళు పైపుకీ గోతికీ మధ్య ఖాళీని సిమెంటుతో పూడ్చకుండా తవ్విన మట్టే తోసి వెళ్ళిపోయారు. నాలుగు వానలకి ఆ మట్టి కుంగిపోయింది. మా సెప్టిక్ ట్యాంక్ దానికి ఎగువన ఉంది, మూత పగిలి ఉంది. ఇంకేం కావాలి?

తేట నీళ్ళని నమ్మి మోసపోయింది మనమే కాదు. 1854లో లండన్‌లో బ్రాడ్ స్ట్రీట్ పంపు చుట్టుపక్కల కలరా వచ్చి ఆరు వందల మందికి పైగా పోయారు. ఆ పంపు నీళ్ళకి రుచిలో మంచి పేరు. దూరంగా వేరే పేటకి మారిపోయిన ఒకావిడ ఆ రుచి కోసమే రోజూ అక్కణ్ణుంచి తెప్పించుకుని తాగేది, ఆవిడా కలరాతోనే పోయింది. జాన్ స్నో అనే డాక్టరు చనిపోయినవాళ్ళ ఇళ్ళన్నీ లెక్కగట్టి తప్పు నీళ్ళదేనని పట్టుకున్నాడు, పంపు పిడి తీయించాడు. తర్వాత తవ్వి చూస్తే బావికి సుమారు మూడడుగుల దూరంలోనే ఒక ఇంటి మురుగు గొయ్యి కారుతోంది. మూడడుగులు! నువ్వు ఆ మూడడుగులు కూడా లేకుండా చేద్దామంటున్నావు.

అది పాతకాలం సంగతి అనుకుంటావేమో. 2000 మే నెలలో కెనడాలోని వాకర్టన్ అనే చిన్న ఊళ్ళో పెద్ద వానలు పడ్డాక, దగ్గరి పొలంలోని పశువుల ఎరువు నుంచి క్రిములు ఊరికి నీళ్ళిచ్చే ఒక లోతు తక్కువ బావిలోకి చేరాయి. ఏడుగురు చనిపోయారు, రెండు వేల మందికి పైగా జబ్బుపడ్డారు. నాకు మనసులో నాటుకుపోయిన సంగతేమిటంటే, ఆ రైతు ఎరువు వేయడంలో తప్పేమీ చేయలేదని విచారణలో తేలింది. బావి ఉన్న చోటే అలాంటిది. పైన మట్టిపొర పలచన, కింద పగుళ్ళ రాయి. పైగా క్లోరిన్ కలపడంలో, చూసుకోవడంలో నిర్లక్ష్యం.

క్రిములతోనే అయిపోదు. మురుగులో, పేడలో, యూరియాలో ఉండే నత్రజని నేలలోకి దిగి నైట్రేట్‌గా మారుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. లీటరుకు 50 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. అది ఎక్కువున్న నీళ్ళతో డబ్బాపాలు కలిపి పడితే పసిపిల్లల రక్తం ఆక్సిజన్ సరిగా మోయలేక ఒళ్ళు నీలంగా మారుతుంది. మీ చెల్లి కాన్పుకి మీ ఇంటికే వస్తోందన్నావు కదా, అందుకే ప్రత్యేకంగా రాస్తున్నా. మరిగిస్తే క్రిములు చస్తాయి గానీ నైట్రేట్ పోదు. నీరు ఆవిరయ్యేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది.

ఇప్పుడు ఆ బావిని ఏం చేయాలో చెప్తా. ఒరలు గట్టిగా ఉంటే పూడిక తీయించి, గట్టు ఎత్తు చేసి, చుట్టూ బయటికి వాలేలా సిమెంటు చప్టా వేయించి మూత పెట్టించు. తోటకి పనికొస్తుంది. వాన నీళ్ళు అందులోకి దింపాలనుకుంటే డాబా మీది నీళ్ళే దింపు, అదీ మొదటి వాన బయటికి వదిలేసి, గులకరాళ్ళు, ఇసుక గుండా వడగట్టాక. పెరటి నీళ్ళు, వీధి నీళ్ళు వద్దు. అసలే వద్దనుకుంటే తెలిసినవాళ్ళ చేత శుభ్రమైన ఇసుక, బంకమట్టితో పూడ్పించి పైన గట్టిగా సీల్ చేయించు. కూల్చిన గోడల చెత్త, పాత పెయింటు డబ్బాలు అందులో పడనివ్వకు. మేస్త్రీలకి ఖాళీ గొయ్యి కనబడితే చేతులు ఊరుకోవు.

బోరు సెప్టిక్ ట్యాంక్‌కి ఎగువన ఉండాలి. అమెరికా పర్యావరణ సంస్థ సెప్టిక్ ట్యాంక్‌కి కనీసం 50 అడుగులు, పేడకుప్పకి 250 అడుగులు దూరం చెబుతుంది. మీ దగ్గర రూలేంటో కనుక్కో. ఇసుక నేలైనా, పగుళ్ళ రాయైనా ఇంకా దూరం పెట్టుకోవడమే మేలు. బోరు వేసే రోజు నువ్వు అక్కడే ఉండు. కేసింగ్ నేలకి అడుగైనా పైకి ఉండాలి, చుట్టూ ఖాళీ సిమెంటుతో నింపాలి, మూత బిగించాలి. డబ్బులు ఇచ్చేది ఆ సిమెంటు పోయడం కళ్ళారా చూశాకే.

ఇంకోటి, చాలామందికి తట్టనిది. మీ నాన్నగారు మొక్కలకి మందు కలిపేటప్పుడు డ్రమ్ములో పైపు ముంచి నీళ్ళు పడతారు కదా. అప్పుడు కరెంటు పోయిందనుకో, పైపులోని నీరు వెనక్కి జారుతూ డ్రమ్ములోని మందును కూడా బోరులోకి లాక్కెళ్ళగలదు. పైపు కొస ఎప్పుడూ నీళ్ళకి జానెడు పైన ఉండాలి. నీటిని వెనక్కి పోనివ్వని నాన్‌రిటర్న్ వాల్వ్ కూడా పెట్టించు. ఇది నాన్నగారికి చదివి వినిపించు, నా మాట వింటారు.

టెస్ట్ ఏడాదికోసారి, ముఖ్యంగా వానలయ్యాక చేయించు. ల్యాబ్ వాళ్ళిచ్చిన సీసాలోనే పట్టు. కొళాయి రెండు మూడు నిమిషాలు వదిలాక పట్టు, మూత లోపలి వైపు వేలు తగలనివ్వకు, ఐస్ మీద పెట్టి అదే రోజు ఇచ్చెయ్. నేను మొదటిసారి మూతని గట్టు మీద పెట్టాను. రిపోర్టు మీద నమ్మకం లేక మళ్ళీ పట్టి ఇవ్వాల్సి వచ్చింది.

బావి వాడేట్టయితే బ్లీచింగ్ లెక్క రాసిపెట్టుకో. మామూలుగా వెయ్యి లీటర్లకి రెండున్నర గ్రాముల మంచి బ్లీచింగ్ పౌడర్. రెండు మీటర్ల వెడల్పు బావిలో మూడు మీటర్ల నీళ్ళుంటే దాదాపు 9,400 లీటర్లు, అంటే ఇరవై నాలుగు గ్రాములు. బకెట్లో కొంచెం నీళ్ళతో ముద్దగా కలిపి, తర్వాత ముప్పావు బకెట్ నింపి పది నిమిషాలు వదిలెయ్. అడుగున సున్నం పేరుకుంటుంది, అది బావిలో పొయ్యకు. పైన తేరిన నీటిని ఇంకో బకెట్లోకి వంచి, తాడుతో బావిలోకి దించి పైకీ కిందకీ నాలుగైదుసార్లు ఆడించు. గంట తర్వాత వాడుకోవచ్చు.

ఇప్పుడు నువ్వు చేయాల్సింది ఒక్కటే. మేస్త్రీని రెండు రోజులు ఆగమను. టేపు పట్టుకుని పెరట్లో బావి ఎక్కడ, బోరు ఎక్కడ, ట్యాంక్‌కి అనుకూలమైన చోటు ఎక్కడ, నేల ఎటు వాలు, ఒక కాగితం మీద గీసి పంపు. పక్కింటి వాళ్ళ బోరు కూడా అందులో గుర్తుపెట్టు. ఆదివారం నేనే వచ్చి చూస్తా. చెల్లిని, నాన్నగారిని అడిగానని చెప్పు.

నీ
బాల్య మిత్రుడు