తేదీ చూడకుండా రుచి రాయకండి

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో క్రాఫ్ట్ బీర్ల మీద వచ్చిన అరపేజీ వ్యాసం చదివాను. హాప్స్ (బీరుకు చేదునూ వాసననూ ఇచ్చే పువ్వు) దండిగా వేసిన ఒక రెడ్ ఏల్, అంటే ఎర్రటి రకం బీరు, తాగి చూసిన మీ రచయిత, అందులో తడిసిన అట్టపెట్టె వాసన వచ్చిందని, నోట్లో పానకంలా తియ్యగా ఉండి చివర్లో గరుకు చేదు మిగిలిందని రాశారు. ఆయన నాలుక మీద నాకు పూర్తి నమ్మకం ఉంది. తగిలింది తగిలినట్టే రాశారు. ఆ తర్వాత రెడ్ ఏల్ అంటేనే ఇంత అని తేల్చేశారు చూడండి, అక్కడ పొరబడ్డారు. ఆయన తాగింది పాతబడిపోయిన బీరు. ఆయన చెప్పిన మూడు లక్షణాలూ దానికి సాక్ష్యాలే. ఇది చెప్పడానికే ఈ ఉత్తరం.

నేను రాయగడలో ఉంటాను. 31 ఏళ్ళు కాగితం మిల్లు ల్యాబ్‌లో పనిచేసి రిటైరయ్యాను. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా, పొద్దున్నే మీ పత్రిక. తడి అట్ట వాసన గురించి నాకు ఒకరు చెప్పక్కర్లేదు. వానాకాలంలో గోడౌన్ తలుపు తీయగానే ముక్కుకు కొట్టేది అదే. అందుకే ఆ మాట దగ్గర ఆగిపోయి వ్యాసం మళ్ళీ మొదటి నుంచి చదివాను. సీసా మీద ఏ నెల ఉందో, షాపులో ఎక్కడ పెట్టి ఉందో ఒక్క ముక్క లేదు. మా ల్యాబ్‌లో పల్ప్ శాంపిల్ మీద బ్యాచ్ నంబరు, తీసిన టైము లేకపోతే కప్పా నంబరు (గుజ్జు ఎంత ఉడికిందో చెప్పే అంకె) చూసేవాళ్ళమే కాదు, వెనక్కి పంపేసేవాళ్ళం. ఏ గంటలో తీసిందో తెలియని శాంపిల్‌కి ఎంత సరిగ్గా టెస్టు చేసినా ఆ అంకె ఎవరికీ పనికిరాదు.

మా తమ్ముడి కొడుకు బెంగళూరులో బీరు కాచే చోట పనిచేస్తాడు. రెండేళ్ళ కిందట వాడి దగ్గర పది రోజులున్నాను. రెడ్ ఏల్ ఎలా చూడాలో నాకు నేర్పింది వాడే. మొదటి రోజు గ్లాసు అందుకుని నోటి దగ్గర పెట్టుకోబోతే చెయ్యి పట్టుకున్నాడు. "ఆగు పెదనాన్నా, ముందు వాసన చూడు. ఇప్పుడు పోయింది మళ్ళీ రాదు" అన్నాడు. అంతకుముందే ఆ గ్లాసును మంచినీళ్ళతో రెండుసార్లు తొలిచాడు. సబ్బు జిడ్డు ఏ కొంచెం ఉన్నా నురగ నిలబడదట. రెండు వేళ్ళ మందాన నురగ వచ్చేలా పోశాడు. ఫ్రిజ్‌లోంచి తీసిన చలువ మీదే తాగితే వాసనలు పైకి లేవవు, నాలుక మొద్దుబారుతుంది. ఎనిమిది, పది డిగ్రీలకు వచ్చేదాకా గ్లాసును అరచేతిలో పట్టుకుని కూర్చున్నాం.

రంగు చెప్తాను. తెల్ల కాగితం వెనక పెట్టి చూస్తే కొత్తగా తోమిన రాగి చెంబు కన్నా ఒక పిసరు ఎరుపు. ఇందులో కలిపిన రంగేమీ లేదు. బార్లీని మొలకెత్తించి, ఆ తడి మీదే వేడి చేస్తే గింజ లోపలి పిండి పొట్టులోనే పంచదార అవుతుంది. తర్వాత వేయిస్తే ఆ పంచదార పాకం కట్టి ఎర్రబడుతుంది. ఇలా మొలకెత్తించి వేయించిన బార్లీనే మాల్ట్ అంటారు. మా అమ్మ చోళ్ళు మొలకట్టి, ఎండబెట్టి, మూకుడులో దోరగా వేయించి మాల్ట్ పిండి కొట్టేది కదా, దానికి ఇది అన్నగారు. కొంతమంది బాగా నల్లగా వేయించిన బార్లీ నూటికి ఒకటి రెండు పాళ్ళు వేస్తారు. ఆ ఎరుపు దాంతో ఇంకా తేరుతుంది.

ఇక హాప్స్. అది ఒక తీగ మొక్క పువ్వు. మన దేశంలో హిమాచల్‌లోని లాహుల్ లోయలో పండుతుంది. మా వాడు డబ్బాలోంచి ఆకుపచ్చ గుళికలు నాలుగు తీసి నా అరచేతిలో పోశాడు. చూడ్డానికి పశువుల దాణా గుళికల్లా ఉన్నాయి. రెండు చేతులూ గట్టిగా రుద్దమన్నాడు. రుద్దితే జిగురు జిగురుగా అయింది. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. దబ్బకాయ తొక్కని గోటితో గీరినప్పటి వాసన ముందు వచ్చింది. దాని వెనకే పంపర పనస. చివర్న, నిప్పు మీద ఇంకా వెయ్యని గుగ్గిలం ముక్కని వాసన చూస్తే ఎలా ఉంటుందో అది. మధ్యాహ్నం భోజనానికి కూర్చున్నప్పుడు కూడా వేళ్ళు అదే వాసన. ఆ రకం పేరు కాస్కేడ్ అని, అమెరికాలో ఆరెగాన్ రాష్ట్రంలో తయారుచేసి 1972లో రైతులకు ఇచ్చారని చెప్పాడు.

ఈ పువ్వును ఎప్పుడు వేస్తారన్నదే అసలు కిటుకు. గంటసేపు మరిగే ద్రవంలో మొదట్లో వేస్తే అందులోని ఆల్ఫా ఆమ్లాలు వేడికి రూపు మారి చేదు దిగుతుంది, వాసన ఆవిరితో పోతుంది. దించేముందు వేస్తే వాసన కొంత నిలుస్తుంది. పులిసి చల్లారాక మళ్ళీ వేస్తే వాసన మొత్తం ఉంటుంది. కరివేపాకు పోపులో వేస్తాం, కొత్తిమీర దించాక చల్లుతాం. ఇదీ అంతే. మరి చల్లిన కొత్తిమీర రేపటికి ఎలా ఉంటుంది?

ఆ గ్లాసు నోట్లో పోసుకున్నాక నేను ఊహించుకున్నది వేరు, తగిలింది వేరు. ముందు వేయించిన రొట్టె అంచు, ముదురు పాకం. తీపి అనుకునేలోపు చేదు వచ్చి దాన్ని పట్టుకుంది. చేదులో రకాలున్నాయని మన వంటింటికి తెలుసు. మెంతి చేదు నాలుక మీద దిగి, చెప్పాల్సింది చెప్పి వెళ్ళిపోతుంది. కాకరకాయ చేదు గొంతులో పట్టుకుని వదలదు. మంచి రెడ్ ఏల్‌లో ఉండాల్సింది మెంతి చేదు. మా వైపు ముక్కల పులుసులో మెంతులకీ బెల్లానికీ మధ్య ఎలాంటి కుదురు ఉంటుందో, ఇందులో హాప్స్‌కీ మాల్ట్‌కీ మధ్య అలాంటి కుదురే ఉండాలి. హాప్స్ ఎక్కువ వేసిన రకం కాబట్టి చేదు ఒక మెట్టు పైన ఉంటుంది, ఉండాలి కూడా. మింగాక నోరు పొడిగా, శుభ్రంగా అయి, దబ్బ తొక్క వాసన ముక్కులోంచి తిరిగి వచ్చింది. నాకు అదే అన్నిటికన్నా నచ్చింది.

మూడో రోజు వాడు నాకు పరీక్ష పెట్టాడు. మూడు గ్లాసులు, ఒక్కోదాంట్లో మూడు గుక్కలు. రెండింట్లో ఒకే బీరు, ఒకదాంట్లో వేరేది. ఆ వేరేది అదే కంపెనీది, అదే రకం, అదే రోజున నింపిన డబ్బానే. కాకపోతే దాన్ని పన్నెండు రోజులు కారు డిక్కీలో వదిలేశాడు. ఆ సంగతి నాకు చెప్పలేదు. ఐదుసార్లు గ్లాసులు మార్చి మార్చి పెట్టాడు. నాలుగుసార్లు పట్టుకున్నాను. గుడ్డిగా చెప్తే మూడింట ఒకసారి మాత్రమే తగలాలి. నేను దేన్ని బట్టి పట్టుకున్నానో చెప్పనా? గోడౌన్ తలుపు తీసినట్టయింది.

ఆ వాసన ట్రాన్స్-2-నోనెనాల్ అనే పదార్థానిది. బీరు వేడికి నలిగినకొద్దీ, గాలి సోకినకొద్దీ ముక్కుకు తగిలేంత మోతాదుకు చేరుతుంది. వంద కోట్ల పాళ్ళలో ఒక పాలు కూడా అక్కర్లేదు, మనిషి ముక్కు కనిపెట్టేస్తుంది. అదే సమయంలో హాప్స్ వాసన నీరసించిపోతుంది, చేదు గరుకెక్కుతుంది. హాప్స్ వెనక్కి తగ్గాక ముందుకొచ్చేది ఏమిటి? మాల్ట్ పాకం. మీ రచయితకు పానకంలా తగిలిన తీపి అదే. పులుసులో మెంతులు తీసేసి బెల్లం ఒక్కటే మిగిల్చినట్టు.

ఇది అర్థం కావడానికి బెంగళూరు దాకా పోనక్కర్లేదు. బిస్సం కటక్, మునిగుడ వైపు శీతాకాలంలో వెళ్ళిన వాళ్ళెవరైనా జీలుగు కల్లు గురించి చెప్తారు. ఒడియాలో దాన్నే సలప అంటారు. తెల్లారగట్ల కుండ దించినప్పుడు తియ్యగా, లేత కొబ్బరి వాసనతో ఉంటుంది. పొద్దెక్కేసరికి నాలుకను చిటుక్కుమనిపిస్తుంది. సాయంత్రానికి పులుపు. కొండ మీది కొందు తెగ పెద్దలు కుండలో ముక్కు పెట్టి ఏ చెట్టుదో, ఎప్పుడు దించిందో చెప్పేస్తారు. మూడు రోజుల కుండ తెచ్చి వాళ్ళ ముందు పెట్టి సలప ఎలా ఉందని అడిగే మనిషి మా జిల్లాలో ఎవరూ ఉండరు.

బీరు కల్లంత తొందరగా పోదు నిజమే. కానీ కాచేవాళ్ళు చెప్పుకునే ఒక మోటు లెక్క ఉంది. మూడు డిగ్రీల చలిలో 300 రోజులు, 22 డిగ్రీల్లో 30 రోజులు, 32 డిగ్రీల్లో 3 రోజులు. ఈ మూడింట్లో దేంట్లో పెట్టినా బీరు ఒకేలా పాతబడుతుందని. కచ్చితమైన సూత్రం కాదు, అందాజు కోసం. దీన్ని మన ఎండలకు పెట్టి చూడండి. మొన్న ఏప్రిల్‌లో పనుండి రైల్లో విశాఖ వెళ్ళాను. ఒక షాపు ముందు బీరు పెట్టెలు దించి పేవ్‌మెంట్ మీద పేర్చి ఉన్నాయి. పదకొండు గంటల ఎండ. నేను పక్క టీ కొట్టులో టీ తాగి, ఫోన్ మాట్లాడి, మందుల షాపుకు వెళ్ళి తిరిగొచ్చినా అవి అక్కడే ఉన్నాయి. పై పెట్టె తెరిచే ఉంది, సీసాల మెడలు ఎండలో మెరుస్తున్నాయి. ఎండ వెలుగు హాప్స్‌ చేదుకు ఇంకో రకంగా చేటు. గోధుమ రంగు గాజు కొంత కాస్తుంది, ఆకుపచ్చది అంతగా కాయదు. వెలుగు తగిలిన బీరు స్కంక్ అనే జంతువు వదిలే కంపు కొడుతుంది. రేకు డబ్బాకు ఆ బెడద లేదు, వేడి బెడద మాత్రం ఉంది.

లోపలికి వెళ్ళి ఒక రెడ్ ఏల్ చేతిలోకి తీసుకుని నింపిన నెల చూశాను. ఐదు నెలలు దాటింది. అడుగున సన్నగా కొట్టి ఉన్న అంకెల్ని కళ్ళజోడు పైకెత్తి చదువుతుంటే కౌంటర్‌లో కుర్రాడు, "గడువు ఇంకా ఉంది సార్, టెన్షన్ పడకండి" అన్నాడు. గడువు ఉన్న మాట నిజమే. తాగితే ఆరోగ్యానికి ఏమీ కాదు. కానీ ఆ గడువు హాప్స్ వాసనకు వర్తించదు. కొనకుండా తిరిగొచ్చేశాను.

మద్యం గురించి పత్రికలో రాయడమే తప్పని మీకు ఉత్తరాలు వస్తాయని తెలుసు. మా వీధిలోనే నాటుసారాకు కూలిపోయిన ఇళ్ళు రెండున్నాయి. ఆ బాధ నేను దగ్గర నుంచి చూశాను. అందుకే మీ వ్యాసంలో ఏ బీరు ఎంత కిక్ ఇస్తుందో చుక్కలు వేసి చూపించడం నాకు మింగుడుపడలేదు. మన నిబంధనల్లో 5 శాతం ఆల్కహాల్ దాటితే స్ట్రాంగ్ బీరు. ఆ శాతం సీసా మీదే అచ్చేసి ఉంటుంది, దానికి రుచి చూసేవాడు అవసరం లేదు. అమెరికాలో 1985లో మొదలైన బీర్ జడ్జ్ సర్టిఫికేషన్ ప్రోగ్రామ్ వాళ్ళ పట్టికలో 50 మార్కులుంటాయి. వాసనకు 12, కంటికి కనిపించే తీరుకు 3, రుచికి 20, నోట్లో ఆనే తీరుకు 5, మొత్తం మీద ఎలా ఉందన్నదానికి 10. కిక్ అనే గడి అందులో లేనే లేదు. వాసనకు 12 మార్కులున్నప్పుడు, వాసన చచ్చిపోయిన సీసాకు మార్కులు వేసి ఆ జాతి మొత్తాన్ని ఫెయిల్ చేయడం ఎలా న్యాయం?

కాబట్టి నా విన్నపం. ఇక మీద ఏ బీరు గురించి రాసినా నింపిన నెల, కొన్న చోట ఫ్రిజ్‌లో ఉందా బయట ఉందా అన్నది మొదటి పేరాలోనే వేయండి. హోటల్లో కాచి పోసినదైతే కాచి ఎన్నాళ్ళయిందో అడిగి రాయండి. అడిగితే చెప్తారు, మంచిగా కాచేవాళ్ళు సంతోషంగా చెప్తారు.

ఇంకొక్క మాట, ఇది సరిహద్దు మనిషిగా అడుగుతున్నాను. మా పిల్లలు బడిలో చదివేది ఒడియా. వాళ్ళకు చదువుకునే తెలుగు చాలావరకు మీ పేజీల్లోంచే వస్తుంది. వ్యాసం నిండా హాపీ, మాల్టీ, సిట్రస్ అని వదిలేస్తే వాళ్ళకు ఏం అందుతుంది? దబ్బ తొక్క, పంపర పనస, ముదురు పాకం, గుగ్గిలం, ఇవన్నీ మన ముక్కులకు తెలిసినవే. హాప్స్‌ను హాప్స్ అనే అనండి, దానికి మన దగ్గర పేరు లేదు. దాని వాసనకు మాత్రం ఉంది.

దసరా తర్వాత నేను మళ్ళీ బెంగళూరు వెళ్తున్నాను. మీ రచయిత గారు తాగిన రకమే వారం లోపు నింపినది దొరికితే మా వాడి చేత మూడు గ్లాసుల పరీక్ష పెట్టించుకుని, ఏం తగిలిందో తేదీతో సహా మీకు రాసి పంపిస్తాను. ఈలోగా ఆయన కూడా తాజా సీసా ఒకటి సంపాదించి, గ్లాసులో పోసి, తాగకముందు ఒక్కసారి వాసన చూడాలని నా కోరిక.

ఇట్లు,
కాగితం మిల్లు ల్యాబ్‌లో పనిచేసి రిటైరైన ఒక పాఠకుడు,
రాయగడ, ఒడిశా